కళ్లు మూసుకుని చూడాల్సిన సినిమాలు



నాకు సినిమాలంటే ప్రాణమని తెలిసినవాళ్లు తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. పాత సినిమాలు గొప్పవా, కొత్త సినిమాలు గొప్పవా? పెళ్లి భోజనాల దగ్గర అడుగుతారు. రైల్లో ఎదురు సీటులో కూర్చున్నవాళ్లు అడుగుతారు. పెద్దవాళ్లు అడిగినప్పుడు, పాతవే గొప్పవని నా నోట వినాలన్న ఆశ వాళ్ల ముఖంలో కనిపిస్తుంది. కుర్రవాళ్లు అడిగినప్పుడు, ఆ నలుపు తెలుపు బొమ్మల్లో అంత ఏముందండీ అన్న అనుమానం వినిపిస్తుంది. నేను ఇద్దరికీ ఒకటే చెబుతాను. ఆ సినిమా ఏ సంవత్సరం వచ్చిందో కాసేపు మరిచిపోండి. ఒక పది నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. వింటుంటే మనుషులు కనిపిస్తున్నారా, లేదా? కనిపిస్తే అది మంచి సినిమా. అది 1957లో వచ్చినా సరే, మొన్న శుక్రవారం వచ్చినా సరే.

రేడియో వినే మీకు ఈ మాట కొత్తగా ఉండదు. సంక్షిప్త శబ్ద చిత్రం గుర్తుందా? మూడు గంటల సినిమాను కుదించి, బొమ్మ లేకుండా, మాటలు పాటలు మాత్రమే మన ఇంటికి పంపేది ఆకాశవాణి. మధ్యమధ్యలో వ్యాఖ్యాత వచ్చి, కథ ఇంతవరకు వచ్చిందని నాలుగు ముక్కలు చెప్పేవారు. ఊళ్లో సినిమా హాలు లేనివాళ్లు, హాలు ఉన్నా టికెట్టుకు డబ్బులు లేనివాళ్లు, వంటింట్లోంచి కదిలే తీరిక లేని అమ్మలు, అందరూ అలాగే సినిమాలు చూశారు. అవును, చూశారనే అంటున్నాను. సూర్యకాంతం గొంతు వినగానే ఆమె ఎడమ చెయ్యి తిప్పడం కూడా కళ్లముందు కదిలేది. రేలంగి ఒక్క మాట అంటే చాలు, ఆ నడక, ఆ వెర్రి నవ్వు మనమే ఊహించుకునేవాళ్లం. ఆ సినిమాలను వినగలిగామంటే, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క మాటతీరు పెట్టి రాసినవాళ్లు ఉన్నారు కాబట్టే. దాన్ని పలికే నటులు కూడా ఉన్నారు కాబట్టే.

మాయాబజార్ సంగతి చూడండి. కె.వి.రెడ్డి గారు తీసిన సినిమా, విజయా వారిది, 1957. మాటలు పాటలు పింగళి నాగేంద్రరావు గారివి. ఇది పాండవుల కుటుంబానికి సంబంధించిన కథ. కానీ సినిమా మొత్తం మీద పాండవులు ఒక్కరైనా తెర మీద కనిపించరు. ధర్మరాజు లేడు, భీముడు లేడు, అర్జునుడు లేడు. అయినా వాళ్లు లేరన్న సంగతి చూస్తున్నంతసేపూ మనకు తట్టదు. ఎందుకంటే ఉన్నవాళ్లు అంత నిండుగా ఉన్నారు. కొడుకు పెళ్లి కోసం ఆరాటపడే సుభద్ర ఉంది. డబ్బున్న సంబంధం రాగానే మాట మార్చే రేవతి ఉంది. మంచివాడే గాని ఎవరేం చెబితే అది నమ్మేసే బలరాముడున్నాడు. ఘటోత్కచుడి కొలువులో చిన్నమయ్య ఉన్నాడు. కౌరవుల వెంట తిరిగే శర్మ, శాస్త్రి ఉన్నారు. అల్లు రామలింగయ్య, వంగర వేసిన ఆ రెండు చిన్న వేషాలు తీసేసినా కథ నడుస్తుంది. కానీ ఆ విడిది, ఆ పెళ్లి, ఆ సందడి ఉండవు.

ఇందులో ఒక ఘట్టం ఉంది. ఘటోత్కచుడు శశిరేఖను తన ఆశ్రమానికి చేర్చి, తాను శశిరేఖ రూపం ధరించి ద్వారకకు వస్తాడు. అంటే సావిత్రి గారు ఇప్పుడు శశిరేఖ కాదు. శశిరేఖ ఒంట్లో ఉన్న ఎస్.వి.రంగారావు. ఇక్కడ కళ్లు మూసుకోండి. గొంతు సావిత్రిదే. కానీ ఆ మాటలో ఉన్నట్టుండి ఒక రాక్షసుడి ఠీవి తొంగి చూస్తుంది. అంతలోనే ఎవరో వస్తున్నారని గ్రహించి మళ్లీ ఆడపిల్ల నాజూకు వచ్చేస్తుంది. ఒక్క వాక్యం మధ్యలో మనిషి మారిపోతాడు. ఇక కళ్లు తెరిచి చూస్తే ఆ నడక, ఆ చేతుల విసురు, పెళ్లి పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కడం, అదంతా అదనపు ఆనందం. వింటేనే తెలిసిపోయేంతగా నటించాక, చూస్తే ఎంత బాగుంటుందో వేరే చెప్పాలా?

మీరు అనవచ్చు. సినిమా అంటే బొమ్మ కదండీ, వినడమేమిటని. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో సృష్టించిన వెన్నెల సంగతేమిటని. నిజమే. ఆ పడవ పాటలోని వెన్నెలకు సాటి రాగల వెన్నెలను నేను తెలుగు తెర మీద మళ్లీ చూడలేదు. కానీ ఆ వెన్నెల మనకు ఎందుకు అంత చల్లగా అనిపిస్తుంది? ఆ పడవలో ఎవరున్నారో మనకు తెలుసు. ముందు అభిమన్యుడు, శశిరేఖ. పిల్లలను కనిపెడదామని వచ్చిన కృష్ణుడు, రుక్మిణి వాళ్లే పడవెక్కుతారు. చివరికి కోపంగా వచ్చిన బలరాముడు, రేవతి కూడా పడవెక్కి కూర్చుంటారు. ఒక్క పాటలో మూడు జంటలు, మూడు వయసులు. నిన్నటి అలకలన్నీ ఆ నీళ్ల మీద కరిగిపోతాయి. మనుషులు తెలిశారు కాబట్టి వెన్నెల అందింది. ఈ వరస తిరగబడకూడదు. ముందు మనిషి, తరువాత వెన్నెల.

కె.వి.రెడ్డి గారికి ఒక అలవాటు ఉండేదని సినిమా వాళ్లు చెబుతారు. షూటింగు మొదలుకాక ముందే, ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్క చూసుకునేవారట. ఇది పిసినారితనం కాదు. ఎవరి మాట ఎక్కడ ఆగాలి, ఎదుటివాడు దాన్ని విని ఎంతసేపటికి జవాబివ్వాలి, ఇదంతా ఆయన ముందే విన్నారన్నమాట. కాగితం మీదే సినిమాను వినేశారు.

ఇంకొంచెం వెనక్కి, 1951కి వెళితే బి.ఎన్.రెడ్డి గారి మల్లీశ్వరి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు మాటలు, పాటలు రాశారు. భానుమతి గారు తన మాట తనే పలికారు, తన పాట తనే పాడారు. వాన కురిసే రాత్రి, పాత సత్రం, బావా మరదళ్లు. ఎవరూ లేరనుకుని మల్లి పాడుతుంది, ఆడుతుంది. మారువేషంలో ఉన్న రాయలవారు, పెద్దనగారు చాటుగా చూస్తున్నారు. ఆ వాన చప్పుడు, ఆ గజ్జెల చప్పుడు రేడియోలో విన్నా మనకు మట్టి వాసన వస్తుంది.

ఆ తరువాత బాపు, రమణ. ముత్యాల ముగ్గు, 1975. రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు పాత్ర గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం. ఆ సినిమా వచ్చేవరకు మన విలన్లలో చాలామంది గట్టిగా అరిచేవారు, పళ్లు కొరికేవారు. ఈ కాంట్రాక్టరు అరవడు. పొద్దుటి ఎండను మెచ్చుకున్నంత తాపీగా మాట్లాడతాడు. కళాపోషణ అంటాడు. గోదావరి గాలి తగిలిన ఆ సాగదీత వింటే, ఆ మనిషి చేసే ఘోరం ఇంకా భయంకరంగా అనిపిస్తుంది. ఆ మాటలు ముళ్లపూడి వెంకటరమణ గారివి. వాటిని విని నేర్చుకుని అప్పగించినవాళ్లు మా తరంలో లెక్కలేనంతమంది. చదువు రానివాళ్లకు కూడా ఆ డైలాగులు కంఠతా వచ్చేవి. ఎందుకు వచ్చాయి? ఆ మాట ఆ ఒక్క మనిషిదే. ఇంకొకరి నోట పెడితే అతకదు. అందుకని గుర్తుండిపోయింది.

శంకరాభరణం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కె.విశ్వనాథ్ గారి సినిమా. నాటక రంగం నుంచి వచ్చిన జె.వి.సోమయాజులు గారు శంకరశాస్త్రి. పేరున్న హీరో లేడు, కొట్లాటలు లేవు, మొదట్లో హాళ్లు పెద్దగా నిండలేదు. విన్నవాళ్లు వెళ్లి ఇంకొకరికి చెబితే అలా అలా నిండాయి. సంగీతం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? కె.వి.మహదేవన్ బాణీలు, బాలసుబ్రహ్మణ్యం గళం, వాణీ జయరాం గళం. ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. నేను చెప్పదలచింది మౌనం గురించి. మంజుభార్గవి వేసిన తులసి పాత్ర సినిమాలో మాట్లాడేది చాలా తక్కువ. ఆమె మనసు మనకు అందేది ఆ మౌనంలోనే. సంగీతం మీద నడిచే సినిమాలో, సంగీతం ఆగిపోయిన చోట్లు అంత బలంగా ఉన్నాయి. చుట్టూ నిశ్శబ్దం ఉంటేనే ఒక గొంతు గొంతులా వినిపిస్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. కొత్త సినిమాల దగ్గర మళ్లీ దీని అవసరం పడుతుంది.

పాత సినిమాలను ఇంత ప్రేమిస్తున్నాను కదా, వాటిలో నాకు బాధ కలిగించే విషయం కూడా ఒకటుంది. అది కూడా చెవికి సంబంధించిందే. చాలాకాలం మన తెర మీద నాయకుడి మాట, నాయిక మాట అంటే కోస్తా నడిమి జిల్లాల మాటే. శ్రీకాకుళం యాస వినిపిస్తే నవ్వించడానికి. తెలంగాణ మాట వినిపిస్తే రౌడీకో, హాస్యగాడికో. రాయలసీమ మాట వచ్చిందంటే బాంబులకో, కత్తులకో. కోట్లమంది ఇంట్లో ప్రేమగా, దుఃఖంగా మాట్లాడుకునే భాష తెర మీదికి వచ్చేసరికి వెటకారమైపోయింది. మినహాయింపులు ఉన్నాయి. 1980లోనే మా భూమి వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి.నర్సింగరావు గారు నిర్మాత. తెలంగాణ పల్లె తన మాటతో, తన పాటతో తెర మీద నిలబడింది. ఆ తరువాత నర్సింగరావు గారే దాసి తీశారు. ఎంతో గొప్ప సినిమాలవి. అయినా పెద్ద హాళ్ల దారి చాలా ఏళ్లు మారలేదు.

ఆ దారిని మార్చింది కొత్తవాళ్లే. అందుకే కొత్త సినిమాలను తీసిపారేసే పెద్దలతో నేను ఏకీభవించను. ఫిదాలో భాన్సువాడ భానుమతి తన మాటతోనే ప్రేమించింది, తన మాటతోనే కోప్పడింది. జనం ఆ అమ్మాయిని నెత్తిన పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు, 2018లో, కేరాఫ్ కంచరపాలెం వచ్చింది. వెంకటేశ్ మహా దర్శకుడు. విశాఖపట్నంలోని కంచరపాలెం అనే పేటలో, ఎక్కువమంది ఆ పేటలోని మనుషులతోనే తీసిన సినిమా. ఆఫీసులో అటెండరు రాజు, నలభై తొమ్మిదేళ్లు, పెళ్లి కాలేదు. ఆ ఆఫీసుకే పైఅధికారిగా వచ్చిన రాధ. ఇద్దరి మధ్య నడిచే మాటలు వినండి. ఎవరో రాసిచ్చినట్టు ఉండవు. మన పక్కింటి అరుగు మీద మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. ఉత్తరాంధ్ర యాస అందులో నవ్వించడానికి లేదు. బతకడానికి ఉంది. కళ్లు మూసుకుని విన్నా ఆ రైలు కట్ట, ఆ సందులు, ఆ టీ కొట్టు కనిపిస్తాయి. చివర ఏం జరుగుతుందో చెప్పను. చూడనివాళ్లు ఉంటే వాళ్ల ఆనందం నేను పాడు చేయకూడదు.

ఇక బలగం. దీని దగ్గర కాస్త ఆగుదాం. 2023 మార్చిలో వచ్చింది. అంతవరకు హాస్యనటుడిగా తెలిసిన వేణు ఎల్దండి దర్శకుడు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. మూడోనాడు ముట్టదు. తరువాత కూడా ముట్టదు. ఊరంతా గుసగుసలు. ఆయనకు ఏం కోరిక మిగిలిపోయిందో? ఇంతే కథ. అన్నదమ్ముల మధ్య పంచాయితీ ఉంది. ఇంటి అల్లుడు ఏళ్ల తరబడి ఆ గడప తొక్కలేదు. ఎందుకు? విందులో నల్లిబొక్క దగ్గర మాటామాటా పెరిగింది. బయటివాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది. మన ఇళ్లలో పెద్దపెద్ద తగాదాలు దేని మీద మొదలయ్యాయో ఒకసారి గుర్తుచేసుకోండి. వడ్డన దగ్గర, పట్టుచీర దగ్గర, పెళ్లి పిలుపు దగ్గర. ఆ నిజం తెలిసినవాడు రాసిన కథ అది.

ఈ సినిమాను చెవితో చూడండి. చావింట్లో ఏడుపు ఎలా మొదలవుతుంది, ఆ ఏడుపు మధ్యలోనే టీ పెట్టమని ఒకరు ఎలా చెబుతారు, ఒకరు అప్పుల లెక్క ఎలా వేసుకుంటారు, అన్నీ వినిపిస్తాయి. చివర పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడతారు. వాళ్లు బుడగజంగం కళాకారులు. సినిమా గాయకులు కాదు. చావింటి ముందు నిలబడి, పోయినవాళ్ల కథ చెప్పి, ఉన్నవాళ్ల గుండె కరిగించడం వాళ్లకు తరతరాల విద్య. ఆ విద్యను దర్శకుడు ఉన్నదున్నట్టు తెచ్చి తెర మీద నిలబెట్టాడు. దాని మీద వంద వాయిద్యాలు పేర్చలేదు. ఆ గొంతుల్లోని జీరను నున్నగా చెక్కలేదు. ఏమైంది? తెలంగాణలో ఊరూరా గ్రామపంచాయతీల ముందు, కూడళ్లలో తెరలు కట్టి ఈ సినిమాను వేసుకున్నారు. ఊరంతా కింద కూర్చుని చూసి ఏడ్చింది. విడిపోయిన తోబుట్టువులు మళ్లీ మాట్లాడుకున్నారని పత్రికల్లో చదివాం. మొగిలయ్య గారు 2024 చివరలో మనల్ని విడిచి వెళ్లిపోయారు. ఆ గొంతు మాత్రం ఆ సినిమాలో నిలిచింది.

ఇప్పుడు కొత్త సినిమాలతో నాకున్న పేచీ చెబుతాను. పేర్లు అక్కర్లేదు. మీరు కూడా చూస్తున్నారు, వింటున్నారు. హాల్లోకి వెళ్లి కూర్చున్న దగ్గర్నుంచి లేచి వచ్చేదాకా నేపథ్య సంగీతం ఆగదు. తల్లి కొడుకుతో ఒక మాట అంటుంది. ఆ మాట మనకు చేరేలోపే డప్పులు మొదలవుతాయి. బాధపడాలో, గర్వపడాలో, మనం నిర్ణయించుకునే వ్యవధి ఉండదు. ఇందాక శంకరాభరణం దగ్గర గుర్తు పెట్టుకోమన్న సంగతి ఇదే. చుట్టూ నిశ్శబ్దం ఉంటేనే గొంతు గొంతులా వినిపిస్తుంది. నిశ్శబ్దమే లేకపోతే ఏ గొంతూ వినిపించదు. ఇంకొకటి. నాయకుడు ఎదుటి పాత్రతో మాట్లాడడు. ఎదుటి పాత్ర భుజం మీదుగా హాల్లో ఈల వేసేవాళ్లతో మాట్లాడతాడు. జవాబు చెప్పే హక్కు ఎదుటివాడికి ఉండదు. పది భాషల్లో ఒకేసారి విడుదల కావాలనుకున్న కథలకు ఇంకో ఇబ్బంది. ఏ ఊరి మాటా కాని మాట రాస్తున్నారు. ఎక్కడివాళ్లకైనా అర్థం కావాలని ఎక్కడివాళ్లదీ కాకుండా చేస్తున్నారు.

గట్టి శబ్దం చెడ్డదని నేను అనడం లేదు. జెర్సీ సినిమా చూశారా? నాని నటించాడు, గౌతమ్ తిన్ననూరి దర్శకుడు. ముప్పై ఆరేళ్ల వయసులో, అందరూ అయిపోయాడనుకున్న క్రికెటర్ రంజీ జట్టుకు ఎంపికవుతాడు. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలి? రైల్వే స్టేషనుకు వెళతాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు. రైలు వచ్చేదాకా ఆగుతాడు. రైలు దూసుకు వస్తున్నప్పుడు, ఆ చప్పుడు చాటున గొంతు చించుకుని అరుస్తాడు. ఒక్క మాట కూడా లేదు. సినిమా మొత్తంలో అంతకన్నా పెద్ద చప్పుడు లేదు. ఆ చప్పుడు అవసరం ఆ మనిషికి ఉంది. అందుకే అది మన ఒంట్లోకి దిగుతుంది.

భారీ సినిమాలు వద్దని కూడా నేను అనను. మాయాబజార్ ఆ రోజుల్లో భారీ సినిమానే కదా. గిన్నెల్లోని వంటకాలు వాటంతటవి ఘటోత్కచుడి నోటికి నడిచి వెళ్లిన సినిమా అది. ఆర్ఆర్ఆర్‌కు ఆస్కార్ తెచ్చిపెట్టిన పాట మన కాళ్లను ఊపింది. చంద్రబోస్ గారు, కీరవాణి గారు ఆ వేదిక మీద నిలబడిన ఉదయం మనమంతా మన ఇంట్లో శుభకార్యం జరిగినట్టు మురిసిపోయాం. అయితే అదే సినిమాలో నన్ను కట్టిపడేసింది ఇంకో పాట. కొమురం భీముణ్ణి కట్టేసి కొరడాతో కొడుతున్నప్పుడు వచ్చే పాట. సుద్దాల అశోక్‌తేజ గారు రాశారు, కాలభైరవ పాడాడు. అంత పెద్ద సినిమా, పులులు, మంటలు, వంతెనలు దాటి వచ్చి, అక్కడ ఒక్క గొంతు దగ్గర ఆగింది. నాకు రాజమౌళి గారి గొప్పతనం ఆ ఆగిన చోట కనిపించింది.

ఇటీవల వచ్చిన వాటిలో రెండింటి గురించి చెప్పాలి. ఒకటి, 35 చిన్న కథ కాదు. 2024లో వచ్చింది. తిరుపతిలో ఒక కుటుంబం. అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు రావు. రావంటే బద్ధకం కాదు, సందేహం. సున్నాకు విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన చేరగానే అది తొమ్మిది కన్నా పెద్దదెలా అయిపోతుంది? మాస్టారికి ఈ ప్రశ్న అల్లరిగా వినిపిస్తుంది. పిల్లవాడికి అది నిజమైన బెంగ. పదో తరగతి దాటని తల్లి తానే లెక్కలు నేర్చుకుని కొడుక్కి చెప్పడానికి కూర్చుంటుంది. ఆ తల్లిగా నివేదా థామస్ మాట్లాడిన తీరు వినండి. ఎక్కడా గొంతు పెంచలేదు. అమ్మ గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

రెండోది, 2025లో వచ్చిన కోర్ట్. రామ్ జగదీశ్ దర్శకుడు. ఇందులో మంగపతి అనే పాత్ర వేసిన శివాజీ గొంతు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒకప్పుడు నితిన్ సినిమాలకు తన గొంతు అరువిచ్చిన నటుడాయన. మాటకున్న బలం తెలిసిన మనిషి. మంగపతి ఇంట్లోకి వచ్చేముందు చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఇంట్లో ఆడవాళ్లు ఎలా ముడుచుకుపోతారో మనకు ముందే తెలిసిపోతుంది. పరువు, పరువు అని పలికే ఆ మంగపతి మన చుట్టాల్లోనే ఉంటాడు. కత్తి పట్టని విలన్. యాభై ఏళ్ల క్రితం అరవకుండా భయపెట్టిన ముత్యాల ముగ్గు కాంట్రాక్టరుకు నాకు తెలిసిన అసలైన వారసుడు ఇతనే.

ఇప్పుడు హాళ్లలో పాత సినిమాలు మళ్లీ వస్తున్నాయి. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు పోకిరి వేశారు. అప్పటి నుంచి ప్రతి హీరో పుట్టినరోజుకీ ఏదో ఒకటి వేస్తున్నారు. కుర్రవాళ్లు కాగితాలు ఎగరేస్తూ ప్రతి డైలాగూ తెర కన్నా ముందే చెప్పేస్తున్నారు. నాకు ఆ సందడి ఇష్టమే. ఒక సినిమాను వందమంది కలిసి బిగ్గరగా అప్పగించడం అంటే, ఆ మాటలు వాళ్ల ఒంట్లోకి వెళ్లాయనే కదా అర్థం. అయితే ఇంకా పాతవాటికి కూడా ఆ భాగ్యం కలగాలి. అక్కినేని శతజయంతికి, 2024 సెప్టెంబరులో, దేవదాసు, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మకథ లాంటి ఆయన సినిమాలను బాగుచేసిన ప్రతులతో దేశంలోని ఎన్నో నగరాల్లో హాళ్లలో వేశారు. నలుపు తెలుపు సినిమాను పెద్ద తెర మీద, నలుగురి మధ్య కూర్చుని చూడటం ఇప్పటి పిల్లలకు ఎంత అపురూపమో ఆలోచించండి.

మాయాబజార్‌కు 2010లో రంగులు వేశారు. ఎంతో శ్రమపడి వేశారు, ఆ శ్రమను గౌరవిస్తాను. కానీ నా ఓటు నలుపు తెలుపుకే. బార్ట్‌లీ ఆ వెన్నెలను ఆ రెండు రంగుల మధ్యే ఆలోచించి పుట్టించారు. మూడో రంగు వేస్తే అది ఇంకొకరి వెన్నెల.

సినిమాను ఉన్నదున్నట్టు కాపాడుకోవడం ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెబుతాను. మన మొదటి పూర్తి టాకీ భక్త ప్రహ్లాద, 1932లో వచ్చింది. హెచ్.ఎం.రెడ్డి గారు తీశారు. తెర మీద మొదటి నుంచి చివరిదాకా తెలుగులోనే మాట్లాడిన మొదటి సినిమా. ఆ సినిమా ఇవాళ మనకు చూడటానికి లేదు. వినడానికీ లేదు. ఆ మొదటి గొంతులు ఎలా ఉండేవో మన పిల్లలకు వినిపించలేం. ఇది ఎప్పుడు తలుచుకున్నా నా మనసును కలచివేస్తుంది. పాత డబ్బాల్లో రీళ్లు మగ్గిపోతుంటే చూస్తూ ఊరుకున్న ప్రతిసారీ మనం ఒక గొంతును పోగొట్టుకుంటున్నాం. మీ ఊళ్లో మూతపడిన హాలు ఉంటే, అక్కడ పాత రీళ్లేమైనా మిగిలాయేమో యజమానిని అడగండి. ఉంటే పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక ఉత్తరం రాయమనండి. ఇనుప సామాన్లవాడికి వేయకుండా ఆపగలిగితే చాలు.

వెళ్లేముందు, రాబోయే సెలవుల కోసం రెండు మూడు మాటలు. ఇంట్లో పిల్లలుంటే ఒక రోజు మాయాబజార్ వేయండి, నలుపు తెలుపుదే. మరునాడు 35 చిన్న కథ కాదు వేయండి. ఒకదాంట్లో మాయ, ఇంకోదాంట్లో లెక్క. రెండింటిలోనూ అమ్మలు, పిల్లలు నిజంగా మాట్లాడుకుంటారు. కుర్రవాళ్లుంటే ముత్యాల ముగ్గు, కోర్ట్ ఒకదాని వెంట ఒకటి చూపించండి. ఇద్దరు విలన్లలో ఎవరు ఎక్కువ భయపెట్టారో వాళ్లనే చెప్పనివ్వండి, వాళ్ల జవాబు ఓపికగా వినండి. ప్రతి సినిమాలోనూ ఒక పది నిమిషాలు కళ్లు మూసుకోమనండి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, ఇష్టంగా ఆడతారు.

బలగం మాత్రం ఒంటరిగా చూడకండి. మాటలు ఆగిపోయిన అన్నయ్యో, బావగారో, చెల్లెలో ఉంటే, ఈ ఆదివారం భోజనానికి రమ్మని ఫోన్ చేయండి. తరువాత అందరూ కూర్చుని చూడండి.